దీపానికి గొడుగు అడిగిన టీచర్

మా టీచర్ చూసే ఆకాశాన్ని ఆర్పేసింది మీరే. మాట మార్చకండి, పక్కవాళ్ల వైపు చూడకండి. ఇది చదువుతున్న మీరే. తెల్లవార్లూ గేటు మీద లైటు వేసి ఉంచే మీరు. ఫంక్షన్ హాలు మీద నుంచి మబ్బుల్లోకి గిర్రున తిరిగే లైట్లు చూసి "అబ్బ, ఏం సెట్టింగ్" అని నోరు తెరిచే మీరు. ఇంట్లో పిల్లకు చుక్కలు ఫోన్లో చూపించి, సైన్సు నేర్పానని మురిసిపోయే మీరు.

మా టీచర్ చనిపోయారు. పోయిన నెల, ఒక తెల్లవారుజామున, హనుమకొండలో ఒక దవాఖానలో గుండె ఆగి పోయారు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు, నల్లా నీళ్లు ఆలస్యంగా వస్తాయన్న కబురుకూ ఎవరిదో పెళ్లిరోజు కేకు ఫోటోకూ మధ్యన వచ్చింది. అందరూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. కొందరు అలవాటులో కేకుకు కూడా అదే పెట్టారు.

నివాళిలో కోపం ఉండకూడదంటారు. ఎవరన్నారు? కోపం లేని నివాళి ఫ్లెక్సీ మీద అచ్చేసిన పూలదండ లాంటిది. వాడదు, వాసన రాదు. మా టీచర్‌కు అలాంటిది నేను వేయను.

సర్కారు హైస్కూల్లో ఆమె మాకు సోషల్ చెప్పారు. రిటైరయ్యాక మా గల్లీలోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న డాబా ఇంట్లో ఉండేవారు. ఆమె భర్త కాజీపేటలో గూడ్సు బండ్లకు గార్డు. ఉద్యోగమంతా బండి చిట్టచివరి పెట్టెలో, చీకట్లో, ఒక్కడే కూర్చుని తిరిగిన మనిషి. ఇంటికొచ్చి దారిలో చూసిన ఊళ్ల సంగతి చెప్పేవాడు కాదట, చుక్కల సంగతి చెప్పేవాడట. చలికాలంలో పిల్లలకోడి బండి వెంటే ఎలా నడిచొస్తుందో చెప్పేవాడట.

పిల్లలకోడి అంటే తెలుసా? మీ నాయనమ్మకు తెలుసు. పంచాంగం దాన్ని కృత్తికలంటుంది. బొటనవేలు అడ్డం పెడితే మరుగైపోయేంత జాగాలో గుంపుగా ముడుచుకుని ఉండే చుక్కలవి, తల్లికోడి చుట్టూ పిల్లలు చేరినట్టు. మోట కొట్టేవాళ్లు, నీళ్లు కట్టేవాళ్లు ఒకప్పుడు వాటిని చూసే పొద్దు తెలుసుకునేవాళ్లు. ఇప్పుడు మనకు వాచీ ఉంది, చుక్కలు లేవు.

భర్త పోయాక టీచర్ ఒక పాత కెమెరా తెచ్చుకున్నారు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ ఒకాయన కొత్తది కొనుక్కుని మూలకు పడేసినది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయింది, ఒక బటన్ లేదు. దానికి ఒక మామూలు చిన్న లెన్సు, పెళ్లికూతురు ముఖం తీయడానికి వాడేది. మూడు కాళ్ల స్టాండు ఒకటి, గాలికి ఊగేది. ఊగకుండా దాని నడుముకు ఉల్లిగడ్డల సంచి వేలాడదీసేవారు. ఇదీ ఆమె సరంజామా.

"టెలిస్కోప్ లేకుంటే ఎట్ల టీచర్?" అన్నాను మొదటిసారి డాబా మీద అదంతా చూసి.

"అన్నం తినెటందుకు వెండి కంచమే కావాల్నారా?" అన్నారు. "ఆయన ఉద్యోగమంత చూసింది నేను ఒక్కనాడన్న సక్కగ చూడలే. పొద్దుగాల టిఫిన్ డబ్బా ఫికర్, మాపటికి పేపర్లు దిద్దే ఫికర్. ఇగ ఇప్పుడు చూస్త. కండ్లు ఆనుతలేవు గనుక దీన్ని తెచ్చుకున్న."

ఆకాశానికి ఫోటో తీయడం అంటే నేను బటన్ నొక్కడం అనుకున్నాను. కాదు. మొదలు ఒక మెరిసే చుక్కను కెమెరా తెర మీద పెద్దది చేసుకుని, లెన్సును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ కూర్చోవాలి. "చుక్క ఎంత చిన్నగ అయితే అంత ఫోకస్ కుదిరినట్టు. ఉబ్బి పెద్దగ కనవడ్తున్నదంటే గది తప్పు చుక్క" అనేవారు. ఈ మాటను నేను ఆ తర్వాత మా జిల్లా నాయకులు ఎందరికో వర్తింపజేశాను. ఎప్పుడూ తప్పు పోలేదు.

బటన్ చేత్తో నొక్కేవారు కాదు. చెయ్యి తగిలితే చుక్క వణుకుతుందని టైమర్ పెట్టి దూరంగా జరిగేవారు. ఒక్కో ఫోటోకు షట్టరు కొద్ది క్షణాలే తెరిచేవారు. ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలైపోతాయి. "గీతలైతున్నయని చుక్కలను తిట్టకు. తిరుగుతున్నది మనం" అనేవారు. అలా ఒకదాని వెంట ఒకటి తీస్తూనే ఉండి, తర్వాత వాటన్నింటినీ పాత లాప్‌టాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. ఒక్క ఫోటోలో మట్టి చల్లినట్టు గరుకు తప్ప ఏమీ కనబడదు. పేర్చిన కొద్దీ గరుకు పోయి, కంటికి ఆనని చుక్కలు పైకి తేలేవి. ఆ పనికి ఆమెకు రోజులు పట్టేవి. లాప్‌టాప్ మధ్యలో అలిగి ఆగిపోయేది. "అలగనియ్, నా కంటె దానికే వయసెక్కువ" అనేవారు.

అన్నింటికంటే విచిత్రమైనది ఆఖరి పని. అంతా అయ్యాక, కెమెరా చల్లారకముందే, లెన్సుకు మూత బిగించి, అలాగే మరికొన్ని ఫోటోలు తీసేవారు. కటిక చీకటి ఫోటోలు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను.

"టీచర్, మూత తియ్యలే మీరు."

"నవ్వు బిడ్డా, నవ్వు. ప్రతి కెమెరాకు దాని తప్పులు దానికుంటయి. వెలుగు లేని కాడ లేని చుక్కలు పెడ్తది. మూత పెట్టి తీస్తే ఆ తప్పులన్ని ఒక్క కాడ దొరుకుతయి. గవి తీసేస్తే మిగిలిందే ఆకాశం." లెన్సు తుడుచుకుంటూ నా వైపు చూసి, "నువ్వు వ్యాసం రాసినంక గూడ ఒకసారి మూత పెట్టి చూసుకోవాలెరా" అన్నారు.

నేను అప్పటికి చాలా వ్యాసాలు రాసి ఉన్నాను. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. గొడవేసుకున్నాను కూడా. వాడకట్టులో మోరీలు పొంగి మురుగు ఇండ్లలోకి వస్తుంటే చుక్కల ఫోటోలు ఏం చేసుకోవడానికి అన్నాను. ఇది తిండికి, బట్టకు లోటు లేనివాళ్ల సరదా అన్నాను.

"మోరీ గురించి నువ్వు రాయి, నేను సంతకం పెడ్త" అన్నారు. "నువ్వు తల దించి చూసేది చూడు, నేను తల ఎత్తి చూసేది చూస్త. ఇద్దరిది ఒక్క వాడకట్టే. ఇంకొకటి చెప్తాన విను. దోచుకున్నోడు పైసలు దోచుకుంటే నీకు తెలుస్తది. ఆకాశం దోచుకపోతే తెల్వనే తెల్వది. మొదటి నుంచి లేదేమో అనుకుంటవు."

మోరీల గురించి రాశాను, ఆమె సంతకం పెట్టారు.

ప్రతి చలికాలం అదే డాబా మీద, అదే మూల నుంచి, అదే పిల్లలకోడికి ఫోటో తీసేవారు. మొదటి ఏడాది ఫోటోలో తల్లి చుట్టూ పిల్లలు నూకలు చల్లినట్టు ఉన్నాయి. ఆ తర్వాత ఫోటోకు ఫోటోకు నేపథ్యం నలుపు నుంచి బూడిదరంగుకు, బూడిదరంగు నుంచి మురికి నారింజరంగుకు మారుతూ వచ్చింది. పిల్లలు ఒక్కొక్కటే మునిగిపోయాయి. గద్ద తన్నుకుపోయినట్టు కాదు. వరదలో మునిగినట్టు.

టీచర్ వెలుతురుకు శత్రువు కాదు. మా గల్లీకి మొదటి వీధిలైటు తెచ్చిందే ఆమె. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లను ఎవడో వెంబడించాడని తెలిసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, కొట్లాడి వేయించారు. తర్వాత సర్కారు వాళ్లు దాని చోట కళ్లు చెదిరే తెల్ల లైటు బిగించారు. సగం వెలుతురు దారి మీదికి, సగం ఆకాశంలోకి పోయేది. అప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. దాని నెత్తిన ఒక రేకు గొడుగు. "దీపం కావాలన్నది నేనే. అది నేల మీద పడాలన్నది గూడ నేనే. పైన దేవుడు పుస్తకం చదువుకుంటాండా, ఆయనకెందుకు లైటు?" అని అందరి ముందే అన్నారు.

ఎవరూ పెట్టకపోతే తానే పెట్టించారు. పెయింటు డబ్బాను సగానికి కోయించి, లోపల తెల్లరంగు వేయించి, కరెంటు పనికి వచ్చినాయనను బతిమాలి లైటు మీద బోర్లించారు. దారి ముందటి కంటే బాగా కనబడింది. ఆ చలికాలం పిల్లలకోడి మళ్లీ వచ్చింది. టీచర్ గల్లీలో వాళ్లందరినీ డాబా మీదికి పిలిచి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. పండక్కి రంగులు వేసినప్పుడు కాలనీ కమిటీ ఆ డబ్బాను తీసేసింది. అందంగా లేదట. దీపానికి ముసుగేసినట్టుందట, శుభం కాదట.

ఆ తర్వాతే ఆమె డాబా వదిలి ధర్మసాగర్ దారి పట్టారు. సాయంత్రం ఒక ఆటో మాట్లాడుకుని చెరువు కట్ట దాకా పోయేవారు. ఒకటి రెండు సార్లు నేనూ పోయాను. చలికాలం నీళ్ల పక్కన లెన్సు మీద మంచు పట్టేస్తుంది. దానికి ఆమె దగ్గర మందు ఉంది. ఇంట్లో పెనం మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, దాన్ని లెన్సు చుట్టూ చుట్టేవారు. మోకాళ్లకు కాపడం పెట్టుకునే అదే మూట.

"అమ్మా, కాపడం మోకాళ్లకా, కెమెరాకా?" అన్నాడు ఆటో ఆయన.

"ఇద్దరం ముసలోళ్లమే. ఇంత దానికి, ఇంత నాకు."

"మీరు చుక్కల కోసం గింత దూరం వస్తాండ్రు. నాకు పెట్రోల్ బంకు కాడ పట్టపగలే కనవడ్తయి."

ఆమె నవ్వి నవ్వి దగ్గారు. ఆ దగ్గు నాకు అప్పుడు దగ్గులాగే వినిపించింది. హనుమకొండ దిక్కు ఆకాశం అడుగున మంటపెట్టినట్టు ఎర్రగా ఉంది. టీచర్ దాని వైపు గడ్డం ఎత్తి చూపించి, "గా వెలుగు ఇక్కడి దాక వచ్చెటాళ్లకు నేను ఉండనులే" అన్నారు. ఓదార్పుగానే అన్నారు, తనను తాను ఓదార్చుకుంటూ.

ఇక మీరు చేసిన పని చెబుతాను.

టీచర్ పోయిన వారానికి కాలనీ కమిటీ ప్రెసిడెంట్, బజార్లో ఆయనకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది, మమ్మల్ని అక్కడికే పిలిచాడు. పప్పుల బస్తాల మధ్య కుర్చీలు వేశారు. టీచర్ బిడ్డ కూడా వచ్చింది, తండ్రిలాగే కాజీపేట రైల్వేలో ఉద్యోగం. టీచర్ జ్ఞాపకంగా ఏదైనా చేయాలని కమిటీ నిర్ణయించిందన్నాడు ప్రెసిడెంట్. ఏమిటంటే, ఆమె డాబా ఎదురుగా ఉన్న పార్కులో, ఎత్తైన స్తంభం మీద చుట్టూ దీపాలున్న పెద్ద లైటు. కింద స్టీలు పలక మీద ఆమె పేరు.

నేను కుర్చీలోంచి లేచాను. "చీకటి కోసం కొట్లాడిన మనిషి పేరు మీద లైటా సేటూ?"

"గట్లంటవేంది తమ్మీ. ఎవలన్న పోతే తలాపున దీపం పెడ్తం. మన టీచరమ్మకు జర పెద్ద దీపం పెడ్తానం. తప్పా?"

"ఆమె దీపానికి గొడుగు అడిగింది. ఎన్నిసార్లు అడిగిందో నీకు ఎరుకే."

"దీపానికి గొడుగు పడ్తరా ఎక్కడన్న? గది నువ్వు రాసుకో, పేపర్ల బాగుంటది." అందరూ నవ్వారు. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. "మాపటికి ఆడపిల్లలు గా పార్కు పక్క నుంచే వస్తరు. నువ్వు అభ్యుదయం మాట్లాడెటోనివి. ఆడపిల్లలకు చీకటే మంచిదంటవా?"

చూశారా? ఆమె మాటలోంచే సగం తీసుకుని ఆమె మీదికే విసిరాడు. దీపం కావాలన్న సగం అందరికీ గుర్తుంది. నేల మీద పడాలన్న సగం ఎవరికీ గుర్తులేదు. నేను గంట అరిచాను. ఎంత గట్టిగా అరిస్తే అంత ఓడిపోతానని తెలిసీ అరిచాను. చివరికి టీచర్ బిడ్డే నా చెయ్యి పట్టుకుంది. "ఇడ్సిపెట్టు అన్నా. ప్రేమతోటే చేస్తాండ్రు."

అదే కదా దుర్మార్గం. శత్రువులు చేస్తే కొట్లాడేవాణ్ణి. ప్రెసిడెంట్ చెడ్డవాడు కాడు. టీచర్‌ను దవాఖానకు తీసుకుపోయింది ఆయన కారులోనే. నిజంగా ఏడ్చాడు. నిజంగా ప్రేమించాడు. ప్రేమించి, ఆమె డాబా మెట్లెక్కి వెతుక్కున్న ఆ కాస్త చీకటి మీద, ఆమె పేరు రాసి మరీ, వెలుతురు కుమ్మరించాడు.

పెద్దకర్మ నాటి సాయంత్రం లైటు వేశారు. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. నేను టీచర్ డాబా మీద ఉన్నాను. ఆమె బిడ్డ తీగ మీద మిగిలిపోయిన తల్లి బట్టలు తీయడానికి వచ్చి, ఆ వెలుతురుకు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తల ఎత్తింది.

"అన్నా, అమ్మ పిల్లలకోడి ఏ దిక్కు?"

నేను వేలు పెట్టి చూపించాను. నా వేలు స్పష్టంగా కనబడింది, గోరులో మట్టితో సహా. వేలు చూపించింది కనబడలేదు. ఆమె చాలాసేపు చూసి, "ఆ, కనవడ్తాంది" అంది. నా కోసం అబద్ధమాడింది.

దానికి రెండు రోజుల ముందు, స్మృతి ఫ్లెక్సీ మీద ఒక ఆకాశం ఫోటో వేయిద్దామని, ఆమె కెమెరా కార్డును ఫ్లెక్సీ షాపుకు తీసుకుపోయాను. ధర్మసాగర్‌లో ఆమె ఆఖరిసారి తీసినవి అందులో ఉన్నాయి. షాపు యజమాని ఒక్కొక్కటి తిప్పుతూ పోయాడు. చుక్కలు, చుక్కలు, మబ్బు, మళ్లీ చుక్కలు. ఆ తర్వాత తెర నల్లబడింది. ఇంకోటి, నలుపు. ఇంకోటి, నలుపే.

"మూత తియ్యకుంటనే తీసినట్టున్నరు అన్నా. వయసు గదా, పాపం. డిలీట్ కొట్టాల్నా?"

నేను కార్డు లాక్కున్నాను. అతనికేం చెప్పను? దగ్గుతూ, మోకాళ్ల నొప్పితో, మంచులో నిలబడి, ఇంక తిరిగి రాలేనేమోనని అనుమానం ఉండి కూడా, ఆ ఆఖరి సాయంత్రం ఆమె తన తప్పులు తాను చూసుకోవడం మానలేదని చెప్పనా? ఈ ఊళ్లో ఆ పని చేసిన మనిషి నాకు ఇంకొకరు తెలియదని చెప్పనా? ఆమె పేర్చాల్సిన ఆ ఫోటోలు అలాగే ఉన్నాయి. పేర్చడం నాకు రాదు. ఆ లాప్‌టాప్ తెరుచుకోవడం లేదు.

కింద రాసినవి జరుగుతాయన్న ఆశ నాకు లేదు. మోరీల గురించి రాసినప్పుడు కూడా లేదు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే అడగలేదన్న మాట మీరు రేపు అనకూడదు.

ఆ లైటు స్తంభం మీది నుంచి మా టీచర్ పేరు తీసేయండి.

లైటు తీయమనడం లేదు. దాని నెత్తిన గొడుగు పెట్టండి. పెయింటు డబ్బా అయినా సరే.

పార్కులో మనిషి తిరగని వేళ దాన్ని ఆర్పండి.

ఫంక్షన్ హాళ్ల మీద నుంచి ఆకాశంలోకి లైట్లు కొట్టడం ఆపించండి. పెళ్లికొడుకు కింద ఉంటాడు, పైన కాదు.

మీ గేటు లైటు. ఇవాళే.

చలికాలంలో ఒక్క సాయంత్రం సర్కారు బడి పిల్లలను ధర్మసాగర్ కట్ట దాకా తీసుకుపోయి పిల్లలకోడిని చూపించండి. త్వరగా. ఆ ఎరుపు అక్కడికి చేరకముందే.

ఆమె మూత పెట్టి తీసిన ఫోటో ఒకటి పెద్దది చేయించి కమిటీ ఆఫీసు గోడకు తగిలించండి. కింద పేరు వద్దు, పూలదండ వద్దు. "ఇందులో ఏం లేదు గదా" అని ఎవరైనా అంటే తుడిచేయకండి, దించేయకండి. మన కాలనీకి మిగిలిన చీకటి అంతా అందులోనే ఉంది.